దారి అక్కర్లేదు, ఏం కావాలో అడిగితే చాలు: డేటాబేస్‌ల దిశ మార్చిన ఎడ్గర్ కాడ్ కథ

ఖరగ్‌పూర్ పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది స్టేషన్‌లోని పొడవాటి ప్లాట్‌ఫారం. 1,072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదిగా జనరల్ నాలెడ్జ్ పుస్తకాలకెక్కింది. తర్వాత గోరఖ్‌పూర్, ఆ తర్వాత హుబ్బళ్లి దాన్ని దాటిపోయాయి. రైల్వేలో పనిచేసేవాళ్లకు మాత్రం ఖరగ్‌పూర్ అంటే వర్క్‌షాపు, నిమ్‌పురా యార్డు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పని వెతుక్కుంటూ వెళ్లిన తెలుగువాళ్లు తరాలుగా అక్కడే స్థిరపడ్డారు. బెంగాలీ ఊళ్లో తెలుగు వినిపించడం అక్కడ వింతేమీ కాదు.

గూడ్సు యార్డులో పనిచేసిన ఎవరినైనా అడగండి, ఒక కష్టం చెబుతారు. రేకు మధ్యలో ఉన్న ఒక్క వ్యాగన్‌ను బయటికి తీయాలంటే దాని నంబరు తెలిస్తే సరిపోదు. అది ఏ లైన్లో ఉంది, ముందు ఎన్ని వ్యాగన్లున్నాయి, ఏ పాయింటు తిప్పితే ఎటు వెళ్తుంది అన్నీ తెలియాలి. కప్లింగులు విప్పాలి, షంటింగ్ ఇంజన్ రావాలి, అడ్డున్నవాటిని పక్కకు లాగాలి. కావలసింది ఒక్కటే అయినా దారంతా తెలిసినవాడు పక్కన ఉండి తీరాలి.

1960ల చివరిదాకా పెద్ద కంప్యూటర్లలో సమాచారం దాదాపు ఇలాగే ఉండేది. ఒక రికార్డును ఇంకో రికార్డుకు కప్లింగులాగా తగిలించేవారు. కావలసిన రికార్డు చేరాలంటే ఒకదాని వెనుక ఒకటిగా నడవాలి, ఆ నడకకు ప్రోగ్రాం రాయాలి. దారి తెలిసిన ప్రోగ్రామర్ లేకపోతే సంస్థ సొంత సమాచారం సంస్థకే అందేది కాదు.

ఇవాళ అదే ఖరగ్‌పూర్‌లో, హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో 1951లో మొదలైన ఐఐటీలో, ఏ విద్యార్థి అయినా నల్లటి తెర మీద ఒక్క లైను టైపు చేస్తాడు. లక్షల రికార్డుల్లోంచి తనకు కావలసిన వరుసలు మామూలు అక్షరాలుగా బయటికొస్తాయి. అవి డిస్కులో ఏ మూల ఉన్నాయో అతనికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఆ అవసరాన్ని తీసేసిన మనిషి పేరు ఎడ్గర్ ఫ్రాంక్ కాడ్. దగ్గరివాళ్లకు టెడ్. బ్యాంకు ఖాతా నుంచి ఆస్పత్రి రిజిస్టర్ దాకా, చేతిలోని ఫోన్ దాకా ఆయన ఆలోచన మీదే నడుస్తున్నా, మన దగ్గర కంప్యూటర్ చదివినవాళ్లకు తప్ప ఆ పేరు పెద్దగా తెలియదు.

సముద్రం పక్క ఊరు, విమానం, బట్టల దుకాణం

కాడ్ 1923 ఆగస్టులో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పోర్ట్‌లాండ్‌లో పుట్టాడు. తండ్రిది తోలు వస్తువుల తయారీ, తల్లి బడిపంతులమ్మ. ఏడుగురు పిల్లల్లో ఆఖరివాడు. స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సెటర్ కాలేజీలో చేరాడు. మొదట తీసుకున్నది రసాయన శాస్త్రం. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం. చదువు ఆపి స్వచ్ఛందంగా రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో చేరి, తీరరక్షణ విభాగంలో సండర్లాండ్ విమానాలు నడిపాడు. నీటి మీద దిగగలిగే భారీ విమానాలవి. యుద్ధం ముగిశాక ఆక్స్‌ఫర్డ్‌కు తిరిగొచ్చి, 1948లో గణితంలో పట్టా పుచ్చుకున్నాడు.

ఆ వెంటనే అమెరికా ప్రయాణం. గణితం చదివిన ఈ మాజీ పైలట్ న్యూయార్క్‌లో కొన్నాళ్లు మేసీస్ దుకాణంలో మగవాళ్ల బట్టలు అమ్మాడు. టెనెసీ విశ్వవిద్యాలయంలో కొన్ని నెలలు పాఠాలు చెప్పాడు. 1949లో ఐబీఎం కంపెనీలో గణిత ప్రోగ్రామర్‌గా చేరాడు. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే గదంతా నిండిన యంత్రం. దానితో పని చేయించడమంటే దాని లోపలి అమరిక మొత్తం బుర్రలో పెట్టుకోవడం. కాడ్ ఆ పని నేర్చుకున్నాడు. ఎవరికీ ఆ అవస్థ ఉండకూడదని తర్వాత వాదించినవాడు ముందు అందులో పండినవాడేనన్నది గుర్తుంచుకోవాలి.

1950ల తొలినాళ్లలో అమెరికాలో సెనేటర్ జోసెఫ్ మెకార్తీ కమ్యూనిస్టుల వేట సాగుతోంది. అనుమానం వస్తే చాలు, ఉద్యోగాలు పోయేవి, పరువు పోయేది. కాడ్‌కు ఇది నచ్చలేదు. 1953లో మంచి ఉద్యోగం వదిలి కెనడా వెళ్లిపోయి, ఒట్టావాలో ఒక కంపెనీ కంప్యూటర్ విభాగం చూశాడు. పాత ఐబీఎం మేనేజర్ ఒకరు అనుకోకుండా ఎదురుపడటంతో 1957లో మళ్లీ ఐబీఎంకు తిరిగొచ్చాడు. స్ట్రెచ్ అనే కంప్యూటర్ మీద ఒకేసారి అనేక ప్రోగ్రాములు నడిపించే పద్ధతిని రూపొందించిన బృందానికి నాయకత్వం వహించాడు. తప్పనిపిస్తే కుర్చీ వదిలి లేచిపోయే ఆ స్వభావం తర్వాత కూడా బయటపడుతుంది.

దాదాపు నలభై ఏళ్ల వయసులో మళ్లీ విద్యార్థి అయ్యాడు. కంపెనీ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో మిషిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్లి 1965లో డాక్టరేట్ పొందాడు. తనను తాను పునరుత్పత్తి చేసుకోగల యంత్రం సాధ్యమేనని జాన్ ఫాన్ నోయ్‌మన్ 29 స్థితులున్న గడులతో చూపించాడు. అదే పనికి 8 స్థితులు చాలని కాడ్ నిరూపించాడు. తక్కువ సరుకుతో ఎక్కువ పని చేయించడం ఆయనకు అప్పటికే అలవాటు.

రికార్డు దగ్గరికి దారి ఎవరికి తెలుసు?

1960ల చివర్లో కాడ్ కాలిఫోర్నియాలోని శాన్‌హోసే పరిశోధనశాలకు మారాడు. అప్పటికి ఐబీఎం అమ్ముతున్న ప్రధాన డేటాబేస్ పేరు ఐఎంఎస్. చంద్రుడి మీదికి మనుషులను పంపే అపోలో కార్యక్రమానికి కావలసిన లక్షల విడిభాగాల లెక్క కోసం పుట్టిన వ్యవస్థ అది. వంశవృక్షంలాగా ఒకదాని కింద ఒకటిగా రికార్డులుంటాయి. మరోపక్క జనరల్ ఎలక్ట్రిక్‌లో చార్లెస్ బాక్‌మన్ 1960ల మొదట్లోనే ఇంకో పద్ధతి తెచ్చాడు. అందులో రికార్డులు వలలాగా ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. రెండూ పనిచేశాయి, వేగంగానే పనిచేశాయి. రెండింటిలోనూ దారి తెలిసిన ప్రోగ్రామరే రాజు.

ఇబ్బంది ఎక్కడుందో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులాంటి చోటును ఊహించుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. రికార్డులన్నీ షాపుల వారీగా పేర్చారనుకుందాం. ఒక షాపు కింద కార్మికులు, ప్రతి కార్మికుడి కింద అతని సెలవులు, అతని రుణాలు. ఈ షాపులో ఎంతమంది ఉన్నారని అడిగితే జవాబు క్షణంలో వస్తుంది. ఈ ఏడాది రిటైరయ్యేవారిలో రైల్వే క్వార్టర్లలో ఉంటున్నవారెవరని అడిగితే? ఆ ప్రశ్న వస్తుందని పేర్చినవాడు అనుకోలేదు. కొత్త ప్రోగ్రాం రాయాలి. అమరిక మారిస్తే పాత ప్రోగ్రాములన్నీ దారి తప్పుతాయి. కొత్త ప్రశ్న ప్రతిసారీ కొత్త ఖర్చే.

కాడ్ దీన్ని గణితజ్ఞుడి కళ్లతో చూశాడు. మొదట 1969లో కంపెనీ అంతర్గత నివేదికగా, తర్వాత 1970 జూన్‌లో అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్తల సంఘం ఏసీఎం పత్రికలో ఒక వ్యాసంగా తన ఆలోచన వెలువరించాడు. పదకొండు పేజీల వ్యాసం. పెద్ద ఉమ్మడి డేటా నిల్వలకు సంబంధాల నమూనా ఎలా ఉండాలన్నది విషయం. సంబంధం అనే మాటను ఆయన గణితంలోని అర్థంలో వాడాడు. మామూలు భాషలో చెప్పాలంటే పట్టిక.

సమాచారమంతా పట్టికల్లో విలువలుగానే ఉండాలి, అంతే. కప్లింగులు లేవు, దాచిన సూచికలు లేవు. కార్మికుల పట్టిక ఒకటి, క్వార్టర్ల పట్టిక ఒకటి. రెండింటినీ కలిపేది రెండింటిలోనూ కనిపించే ఒక విలువ. వర్క్‌షాపులో అయితే అది టికెట్ నంబరు. ఉత్తరాంధ్ర మూలాలున్న ఊళ్లో అప్పారావులు ఒక్కరా ఇద్దరా? పేరుతో మనిషిని పట్టుకోలేం. నంబరుతో పట్టుకోగలం. వర్క్‌షాపు గుమాస్తాకు ఎప్పుడో తెలిసిన ఈ కిటుకును కాడ్ ప్రాథమిక కీ అనే పేరుతో సిద్ధాంతంలో కూర్చోబెట్టాడు.

పట్టికల మీద కొన్ని మౌలిక చర్యలు చాలని ఆయన చూపించాడు. షరతుకు సరిపోయే వరుసలు ఏరడం, కావలసిన నిలువు గడులే ఉంచడం, రెండు పట్టికలను ఉమ్మడి విలువ మీద కలపడం మొదలైనవి. ఇవి చేసినప్పుడు వచ్చేది మళ్లీ పట్టికే. కాబట్టి దాని మీద ఇంకో ప్రశ్న వేయొచ్చు. ఎవరూ ముందుగా ఊహించని ప్రశ్నకు కూడా ఈ చర్యల కూర్పుతో జవాబు దొరుకుతుంది. ఏం కావాలో మనిషి చెప్తాడు, ఎలా తేవాలో యంత్రం చూసుకుంటుంది. వ్యాగన్ నంబరు చెప్పండి, పాయింట్లు తిప్పడం మా పని అని యార్డే హామీ ఇచ్చినట్టు.

సొంత ఇంట్లోనే ప్రతిఘటన

ఆ వ్యాసం రాగానే ఐబీఎం పండగ చేసుకోలేదు. ఐఎంఎస్ మీద కంపెనీకి బోలెడు ఆదాయం, అంతకుమించి పెద్ద ఖాతాదారులకిచ్చిన మాట ఉన్నాయి. సొంత ఉద్యోగి వచ్చి మనం అమ్ముతున్న సరుకు మూలంలోనే లోపముందంటే ఏ వ్యాపారికి నచ్చుతుంది? సాంకేతిక అభ్యంతరమూ నిజమైనదే. దారి చెప్పకుండా అడిగితే యంత్రం తనంతట తాను మంచి దారి ఎంచుకోగలదా? చేయి తిరిగిన ప్రోగ్రామర్ రాసినంత వేగంగా తేగలదా? అప్పటికి ఎవరూ చేసి చూపించలేదు. కాడ్ దగ్గర ఉన్నది గణితం మాత్రమే.

ఆయన వెనక్కి తగ్గలేదు. వ్యాసం వెంట వ్యాసం రాశాడు. ఒకే సమాచారం రెండు చోట్ల నమోదై, ఒకచోట మార్చి ఇంకోచోట మరిచిపోతే వచ్చే గందరగోళాన్ని తప్పించే నియమాలు రాశాడు. నార్మల్ ఫారాల పేరుతో ఇవాళ ప్రతి ఇంజినీరింగ్ విద్యార్థీ పరీక్షల కోసం బట్టీపట్టేది వాటినే. 1974లో మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో, తాను డాక్టరేట్ చేసిన ఊళ్లోనే, బాక్‌మన్ పక్షానికీ కాడ్ పక్షానికీ బహిరంగ చర్చ జరిగింది. బాక్‌మన్ అప్పటికే, 1973లో, ట్యూరింగ్ పురస్కారం అందుకున్నవాడు. ప్రోగ్రామర్ అంటే డేటా సముద్రంలో దారి వెతికే నావికుడన్నది ఆయన దృష్టి. నావికుడు లేకుండానే ఒడ్డు చేరాలన్నది కాడ్ పట్టు. ఇద్దరూ ఒకరినొకరు గౌరవించుకున్నా మధ్యలో ఉన్న తేడా చిన్నది కాదు. దారి మీద అధికారం ఎవరిదన్నదే అసలు ప్రశ్న.

ఎట్టకేలకు ఐబీఎం శాన్‌హోసేలో సిస్టమ్ ఆర్ పేరుతో ప్రయోగాత్మక ప్రాజెక్టు మొదలుపెట్టింది. సమీపంలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ కాడ్ వ్యాసాలు చదివి ఇంగ్రెస్ అనే వ్యవస్థను కట్టారు. దారి ఎంచుకునే పనిని యంత్రం చేయగలదని ఈ రెండు ప్రాజెక్టులూ నిరూపించాయి. కానీ ఐబీఎం సరుకును బజారులోకి తేవడానికి తటపటాయించింది. ఈలోగా లారీ ఎలిసన్, అతని మిత్రులు పెట్టిన చిన్న కంపెనీ ఆ బహిరంగ వ్యాసాలే ఆధారంగా 1979లో ఒరాకిల్‌ను అమ్మకానికి పెట్టింది. ఐబీఎం తన తొలి రిలేషనల్ ఉత్పత్తిని తెచ్చేసరికి 1981 వచ్చింది. అదే ఏడాది కాడ్‌కు ట్యూరింగ్ పురస్కారం దక్కింది.

ఒక లైనులో ప్రశ్న

సిస్టమ్ ఆర్ బృందంలో డాన్ చాంబర్లిన్, రే బాయిస్ అనే ఇద్దరు యువకులుండేవారు. కాడ్ ప్రతిపాదించిన ఆల్ఫా భాష గణిత సంకేతాలతో నిండినది. గుమాస్తా కూడా టైపు చేయగలిగేలా మామూలు ఇంగ్లిష్ మాటలతో వాళ్లొక భాష తయారుచేసి 1974లో ప్రకటించారు. అదే ఏడాది బాయిస్ చిన్న వయసులోనే హఠాత్తుగా చనిపోయాడు. ఆ భాషే నేటి ఎస్‌క్యూఎల్. సెలెక్ట్ తర్వాత ఏ గడులు కావాలో, ఫ్రమ్ తర్వాత ఏ పట్టికలోంచో, వేర్ తర్వాత ఏ షరతు మీదో రాస్తే అయిపోతుంది.

ఎస్‌క్యూఎల్ తన ఆలోచనకు పూర్తి న్యాయం చేయలేదన్నది కాడ్ ఫిర్యాదు. అది ఒకే వరుసను రెండుసార్లు రానిస్తుంది. జాబితాలో ఒక ఉద్యోగి పేరు రెండుసార్లు వస్తే ఇద్దరు ఉద్యోగులైపోరు కదా. ఈ పట్టుదల వల్ల కొందరికి ఆయన చాదస్తుడిగా కనిపించాడు. లోకం మాత్రం ఎస్‌క్యూఎల్‌నే తీసుకుంది.

1980ల మధ్యకు వచ్చేసరికి ఎదురుగాలి కాస్తా వేలంవెర్రిగా మారింది. ప్రతి కంపెనీ తన పాత డేటాబేస్‌కు పైన రంగు పూసి రిలేషనల్ అని బోర్డు తగిలించింది. దాంతో కాడ్ 1985లో కంప్యూటర్‌వరల్డ్ పత్రికలో ఒక పరీక్ష ప్రకటించాడు. కాడ్ పన్నెండు నియమాలుగా పేరొందినా లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి నిజానికవి పదమూడు. పరీక్షల కోసం చదివేవాళ్లకు అవి విసుగు పుట్టించే జాబితా. కొంచెం ఆగి చూస్తే, ప్రశ్న అడిగేవాడి హక్కుల పత్రంలా కనిపిస్తాయి.

ఉన్న సమాచారమంతా పట్టికలో విలువగానే కనిపించాలంటుంది మొదటి నియమం. రహస్య గదులుండకూడదు. పట్టిక పేరు, ప్రాథమిక కీ, గడి పేరు మూడూ తెలిస్తే ఏ విలువైనా అంది తీరాలంటుంది రెండోది. డేటాబేస్‌లో ఏ పట్టికలున్నాయన్న వివరం కూడా పట్టికలుగానే ఉండాలంటుంది నాలుగోది. కొత్తగా వచ్చినవాడు ఎవరినీ బతిమాలకుండా, లోపల ఏముందని డేటాబేస్‌నే అడగగలగాలి. అన్ని పనులకూ సరిపోయే ఒక భాషైనా ఉండాలి, అందులోని ప్రతి ఆజ్ఞనూ మామూలు అక్షరాల వరుసగా రాయగలగాలంటుంది అయిదోది. డిస్కులో అమరిక మారినా ప్రశ్న మారకూడదంటుంది ఎనిమిదోది.

ఆ అయిదో నియమమే కమాండ్ లైన్‌కు ప్రాణం. కిటికీలు, బొమ్మలు, మౌసు ఏవీ లేకుండా నల్ల తెర మీద నడిచే చిన్న పనిముట్లు ప్రతి డేటాబేస్‌తోనూ వస్తాయి. బర్క్‌లీ ఇంగ్రెస్ వారసుడైన పోస్ట్‌గ్రెస్‌తో పీఎస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్‌తో మైఎస్‌క్యూఎల్‌డంప్, మన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే ఎస్‌క్యూలైట్‌తో దాని సొంత పనిముట్టు. డేటాబేస్ ఫైలును మామూలు ఎడిటర్‌లో తెరిస్తే కనిపించేది గజిబిజి గుర్తులే. ఈ పనిముట్టు మన ప్రశ్నను ఇంజన్‌కు అందించి, వచ్చిన వరుసలను కామాలతోనో ట్యాబులతోనో విడదీసి మామూలు టెక్స్ట్‌గా ఫైల్లో పోస్తుంది. డంప్ పనిముట్టయితే ముందు పట్టికల నిర్మాణం, తర్వాత వరుసలు మొత్తం ఎస్‌క్యూఎల్ ఆజ్ఞలుగా రాసిపెడుతుంది. ఆ ఫైలుతో ఇంకో యంత్రం మీద అదే డేటాబేస్‌ను మళ్లీ నిలబెట్టొచ్చు.

కంపెనీలు మూతపడతాయి, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు ముగుస్తాయి, పాత యంత్రాలు తుప్పుపడతాయి. వాటి సొంత రూపంలో ఉన్న ఫైళ్లు వాటితోపాటే మూగబోతాయి. టెక్స్ట్‌గా తీసిపెట్టుకున్నది యాభై ఏళ్ల తర్వాత కూడా చదవొచ్చు. మనిషి సర్వీసు రికార్డు, భూమి పత్రం, ఆస్పత్రి చరిత్ర లాంటివి కంప్యూటర్ల కంటే ఎక్కువ కాలం బతకాల్సినవి. ముప్పై ఏళ్లు పనిచేసినవాడు చనిపోయాక అతని భార్య కుటుంబ పెన్షన్‌కు దరఖాస్తు పెట్టినప్పుడు, ఎప్పుడో ఎవరో ఎక్కించిన ఒక్క వరుస బయటికి రావాలి. అది రాకపోతే వాయిదాల మీద వాయిదాలు.

ఖాళీకీ తెలియనిదానికీ తేడా

బయటికి తీయడం కూడా గుడ్డిగా చేస్తే చేతులు కాలతాయి. తెలుగు పేర్లున్న పట్టికను తప్పు అక్షర పద్ధతిలో తీస్తే అప్పారావు కాస్తా వరుసగా ప్రశ్నార్థకాలై కూర్చుంటాడు. అలా మారి ఫైలుకెక్కాక మళ్లీ పేరు రాబట్టలేం. అందుకే యూటీఎఫ్-8 అని ముందే చెప్పాలి. చిరునామాలో కామా ఉంటే, ఆ గడిని కొటేషన్ గుర్తుల్లో పెట్టకపోతే ఒక గడి రెండై పక్క గడులన్నీ జరిగిపోతాయి. సున్నాతో మొదలయ్యే టికెట్ నంబరును స్ప్రెడ్‌షీట్‌లో నేరుగా తెరిస్తే ఆ సున్నా ఎగిరిపోతుంది, మనిషి మారిపోతాడు.

అన్నింటికంటే సూక్ష్మమైనది ఇంకోటి. పుట్టిన తేదీ గడిలో ఏమీ లేదంటే అర్థమేమిటి? కాడ్ మూడో నియమం దీని గురించే. తెలియని విలువ వేరు, ఖాళీ మాట వేరు, సున్నా వేరు. వీటిని డేటాబేస్ క్రమబద్ధంగా వేరుచేసి చూపాలని ఆయన పట్టుబట్టాడు. టెక్స్ట్‌గా తీసేటప్పుడు చాలా పనిముట్లు మామూలుగా రెండింటినీ ఒకే ఖాళీగా వదిలేస్తాయి. తెలియనిదానికి ప్రత్యేక గుర్తు పెట్టమని మనమే అడగాలి. పొదుపు ఖాతాలో సున్నా ఉన్నవాడికీ, ఖాతా వివరం ఇంకా నమోదు కానివాడికీ తేడా ఒక ఖాళీ గడిలో కలిసిపోతే నష్టపోయేది గడి కాదు, మనిషి.

చివరి రోజులు

ఐబీఎం కాడ్‌కు 1976లోనే తన అత్యున్నత సాంకేతిక హోదా అయిన ఫెలో గౌరవం ఇచ్చింది. 1984లో ఆయన ఉద్యోగం నుంచి విరమించాడు. తన ఆలోచనలను అందరికీ అర్థమయ్యేలా పుస్తకాలు రాసిన క్రిస్ డేట్‌తోనూ, తర్వాత తన భార్య అయిన షారన్ వైన్‌బర్గ్‌తోనూ కలిసి సలహా సంస్థ నడిపాడు. 1990లో తన నమూనాకు రెండో రూపం ఇస్తూ పుస్తకం రాశాడు. అందులో నియమాలు పన్నెండు కాస్తా 333 అయ్యాయి. తక్కువ సరుకుతో ఎక్కువ పని చేయించిన మనిషి చివరికి ఇంత బరువెత్తుకోవడం చూసి అభిమానులు కూడా నిట్టూర్చారు. ఆ పుస్తకం మొదటి వ్యాసమంత ప్రభావం చూపలేదు.

1993లో మరో చిక్కు వచ్చిపడింది. వ్యాపార విశ్లేషణకు ఎలాంటి వ్యవస్థ కావాలో చెబుతూ ఆయన సహ రచయితగా ఒక పత్రం వెలువడింది. దానికి డబ్బు పెట్టింది అలాంటి సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీయేనని తేలడంతో విమర్శలొచ్చాయి. అమ్మేవాళ్ల బోర్డులను నిలదీసిన చేతి మీదే అమ్మేవాళ్ల నీడ పడిందన్నారు. ఆయన జీవితం చెప్పేటప్పుడు దీన్ని దాచనక్కర్లేదు. ఆయన వేసిన పునాది దీనివల్ల కదల్లేదు.

2003 ఏప్రిల్ 18న ఫ్లోరిడాలో గుండె ఆగి కాడ్ కన్నుమూశాడు. వయసు 79. తన ఆలోచన మీద ఇతరులు లక్షల కోట్ల వ్యాపారాలు కట్టుకున్నా ఆయన జీవితాంతం జీతగాడిగా, సలహాదారుగానే ఉన్నాడు. తర్వాతి ఏడాది నుంచి డేటాబేస్ పరిశోధనలో ఏటా ఇచ్చే ప్రధాన పురస్కారానికి ఆయన పేరు పెట్టారు. ఆయన వ్యాసాన్ని చాలామంది చదవలేదు. ఆయన హామీని మాత్రం రోజూ వాడుకుంటున్నారు.

ఆ హామీకి ఇంకా ఒక సగం మిగిలే ఉంది. దారి తెలియకపోయినా అడగొచ్చని కాడ్ యంత్రానికి నేర్పాడు. అడిగే అనుమతి ఎవరికి ఉండాలన్నది యంత్రం తేల్చే విషయం కాదు. వ్యక్తుల వివరాలు అనర్హుల చేతికి చిక్కకూడదు, నిజమే. కానీ తన సొంత వరుసను మనిషి అడిగినప్పుడు సర్వర్ డౌన్ అనో, ఆ సిస్టమ్ నుంచి తీయడం కుదరదనో జవాబొస్తే, ఆ లోపం సాంకేతికతది కాదని 1970 తర్వాత చదువుకున్నవాళ్లకు తెలిసి ఉండాలి.

నిమ్‌పురాలో వ్యాగన్ తీయాలంటే ఇప్పటికీ ఇంజన్ కదలాలి, పాయింటు తిరగాలి. ఇనుముకు వేరే దారి లేదు. అదే ఊళ్లో వర్క్‌షాపులో చేసిన తాత చేరిన తేదీని మనవరాలు అడిగితే మాత్రం ఏదీ కదలనక్కర్లేదు. టికెట్ నంబరుతో ఒక లైను చాలు. ఆ వరుసను ఎవరో సరిగ్గా ఎక్కించి ఉండాలి, అడగనివ్వాలి. మిగతాదంతా టెడ్ కాడ్ ఎప్పుడో చేసి పెట్టాడు.